గంధం లేని బొట్టు

నాలుగు గంటలకు బాషాని మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. ఇప్పుడు టైము ఒంటిగంటా యాభై. ఈ సంగతి బాగా తెలిసి కూడా ప్రమీలారాణి జగ్గయ్యపేటలో భవానీప్రసాద్ గారింటి హాల్లో, సోఫా మీద తీరిగ్గా కూర్చుని, ఒక ఆటసామాను అటూ ఇటూ తిప్పి చూస్తోంది.

అది నల్లటి గేమ్ కంట్రోలర్. టీవీలో ఆటలాడేటప్పుడు రెండు చేతుల్తో పట్టుకుని బొటనవేళ్ళతో నొక్కేది. వైరు లేదు. నేరుగా ఇంటి వైఫైకి తగులుకుని పనిచేసే రకం. ఇప్పుడు మాత్రం తగులుకోవడం లేదు. దాని నడుమ నారింజరంగు దీపం వెలుగుతోంది, ఆరుతోంది, మళ్ళీ వెలుగుతోంది. నిలకడ లేదు.

"మేడమ్, నాలుక్కే కోర్టంట," అంది గుమ్మం దగ్గర నిలబడ్డ జీనత్. బాషా భార్య. పొద్దున నందిగామ వచ్చి ప్రమీలారాణి ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఏడ్చి, ఆవిణ్ణి బస్సెక్కించి తీసుకొచ్చింది ఈ పిల్లే. "మీరేమో ఆ బొమ్మ పట్టుక్కూర్చున్నారు. మా ఆయన్ని జైలుకి పంపిస్తే నేనేమైపోవాలండీ?"

"లోపలికొచ్చి కూర్చోమ్మా. అక్కడ నిలబడితే కాళ్ళనొప్పులు తప్ప లాభం లేదు."

ప్రమీలారాణిది అదో తరహా. నందిగామ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఇరవై రెండేళ్ళు పనిచేసి, ముందుగానే రిటైర్మెంటు తీసుకుని, డిటెక్టివ్ ఆఫీసు తెరిచిన మనిషి. లైను పలకడం లేదంటే ముందు ఎక్కడ తెగిందో వెతకాలి గాని, ఎవడు తెంపాడని వీధిలో కేకలేస్తే తీగ అతుక్కోదని ఆవిడ అనుభవం. నేరాలకీ అదే పద్ధతి.

సోమవారం జరిగింది క్లుప్తంగా ఇదీ. భవానీప్రసాద్ సున్నపురాయి లారీల ఆసామి. మధ్యాహ్నాలు ఇంటి వెనక ఆఫీసు గదిలో కూర్చుంటాడు. రెండూ ముప్పావుకి ఎలక్ట్రీషియన్ బాషా వచ్చాడు, ఆ గది పక్క వరండాలో ఇన్వర్టర్ బ్యాటరీలకి నీళ్ళు పోయడానికి. మూడుంబావుకి వెళ్ళిపోయాడు. మూడూ నలభైకి వంటమనిషి లూర్దమ్మ టీ పట్టుకెళ్తే, భవానీప్రసాద్ తల వెనక పగిలి బోర్లా పడి ఉన్నాడు. పక్కనే బాషా మర్చిపోయి వెళ్ళిన పెద్ద పానా, నెత్తురుతో. ఆయన బతికే ఉన్నాడు, విజయవాడలో ఐసీయూలో ఉన్నాడు, కాని తెలివి రాలేదు. బాషా నిన్న, బుధవారం సాయంత్రం నుంచి స్టేషన్లో ఉన్నాడు.

"ఇది ఎప్పట్నుంచి పలకడం లేదు పిన్నిగారూ?" అని అడిగింది ప్రమీలారాణి, కంట్రోలర్ చూపిస్తూ.

ఎదురు కుర్చీలో ఉన్న సీతారావమ్మ భవానీప్రసాద్ భార్య. అరవై రెండేళ్ళు. మూడు రోజుల్లో పదేళ్ళు పైబడ్డట్టు అయిపోయింది.

"ఇవాళ పొద్దున పట్టుకున్నానమ్మా. మొగుడు ఆస్పత్రిలో ఉంటే దీనికి ఆటలు కావాల్సొచ్చినయ్యా అని అనుకుంటారు, అనుకోనీ. నర్సు చెప్పింది, రోజూ వినే చప్పుళ్ళు చెవి దగ్గర వినిపించండమ్మా, ఒక్కోసారి తెలివొస్తదీ అని. ఆయన రోజూ వినే చప్పుడు ఏముంది? నా కారు రేసే. రోజూ రెండున్నరకి నేను మొదలెట్టగానే గోడవతల నుంచి 'సీతా, ఆ గోల తగ్గించవే' అని అరిచేవారు. ఆ గోలే ఫోన్లో రికార్డు చేసి పంపుదామని కూర్చుంటే, ఇది పలికి చావదు."

చెబుతూ చెబుతూ ఆవిడ ఏడ్చేసింది. "సోమవారం కూడా ఆడుతూనే ఉన్నా. మూడో రేసులో ఫస్టొచ్చా. గోడవతల ఆయన తల పగలగొడుతుంటే, నేనిక్కడ ఫస్టొచ్చానని మురిసిపోతున్నానమ్మా. ఎట్టా పోద్ది నాకీ పాపం?"

ప్రమీలారాణికి ఓదార్చే మాటలు చేతకావు. మంచినీళ్ళ గ్లాసు అందించి, ప్రశ్న అడిగింది.

"సోమవారం ఎన్నింటిదాకా బాగా పనిచేసింది?"

"లూర్దమ్మ కేకేసిందాకా. మూడూ నలభై."

"బాషా వెళ్ళేటప్పుడు కనపడ్డాడా?"

"'అమ్మా, నీళ్ళు పోసేశా, వస్తానండీ' అన్నాడు. తల తిప్పకుండానే సరే అన్నా."

"ఆ రోజు సార్ ఎవరిమీదైనా కోపంగా ఉన్నారా?"

సీతారావమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని ఆలోచించింది. "పొద్దున ఇడ్లీ తింటూ, తూకాలు తప్పుతున్నయ్యే, ఎవడో ఆటాడుతున్నాడు, మధ్యాహ్నం తేలుస్తా అన్నారు. ఆ లారీల గొడవ నాకేం తెలుస్తదమ్మా? ఇంకో ఇడ్లీ వేశా."

"ఈ మాట పోలీసులకి చెప్పారా?"

"అడిగితేగా."

ప్రమీలారాణి చిన్న నోటుబుక్కులో రాసుకుంది. "సోమవారం తర్వాత దీన్నెవరు ముట్టుకున్నారు?"

"ఎవరూ లేరు. టీవీ కింద సొరుగులోనే ఉంది. మంగళవారం పొద్దుగూకేదాకా నేను బెజవాడలోనే. తాళాలు లూర్దమ్మ దగ్గరొకటి, మా కల్యాణ్ దగ్గరొకటి. కల్యాణ్ మా అన్నయ్య కొడుకు. మంగళవారం వాడే వచ్చి మాకు బట్టలు పట్టుకొచ్చాడు. పాపం నిన్నట్నుంచి ఐసీయూ దగ్గర వాడే కూర్చున్నాడు. లోపలికెళ్ళే పాసు ఒకరికే ఇస్తారంట."

"ఒకసారి ఫోన్ కలపండి. స్పీకర్లో పెట్టండి."

రెండు రింగులకే ఎత్తాడు కల్యాణ్. గొంతు నెమ్మదిగా, మర్యాదగా ఉంది. మావయ్య అలాగే ఉన్నాడని, డాక్టరు సాయంత్రం చెబుతానన్నాడని అన్నాడు. సోమవారం తను నందిగామలో లారీ టైర్ల షాపులో ఉన్నానని, నాలుగున్నరకి ఫోనొస్తే పరిగెత్తుకొచ్చానని అన్నాడు. మంగళవారం పదకొండింటికి ఇంటికెళ్ళి బట్టలు సర్దుకుని పావుగంటలో బయటపడ్డాడట. ఎవరూ కనపడలేదట.

"సరేనండి. మీ అత్తయ్య గేమ్ రిమోట్ పలకడం లేదంటున్నారు. దాని సంగతి మీకేమన్నా తెలుసా?"

"అదాండీ? పొద్దున నాకూ చెప్పింది. పాతదైపోయిందండి. దాంతో కుస్తీ పట్టొద్దని చెప్పండి, కొత్తది కొనిపెడతాలే."

ఫోన్ పెట్టేసేసరికి గేటు దగ్గర జీపు ఆగింది. సీఐ కిషోర్‌బాబు బూట్లు చప్పుడు చేసుకుంటూ లోపలికొచ్చాడు. నలభై ఏళ్ళవాడు, ఇస్త్రీ మడత నలగని మనిషి. కిందటేడు నందిగామలో ఒక దొంగతనం కేసులో ప్రమీలారాణి చెప్పిందే నిజమైంది. ఆ మంట ఆయనకింకా చల్లారలేదు.

"ఏంటి టెలిఫోన్ మేడమ్, జగ్గయ్యపేటలో రిపేర్ల షాపు పెట్టారా?"

"మీరు పాడుచేసినవి ఎక్కువైపోయినయ్యండి సీఐ గారూ. గిరాకీ బాగుంది."

కిషోర్‌బాబు జీనత్ వైపు ఒక చూపు చూసి, ప్రమీలారాణి ఎదురుగా నిలబడ్డాడు. "ఎందుకండీ ఆ పిల్లకి లేనిపోని ఆశలు పెడతారు? పానా బాషాది. వేలిముద్రలు బాషావి. వీధివైపు నుంచి వెళ్ళి, సందులోంచి వెనక తలుపున మళ్ళీ వచ్చి కొట్టాడు."

"పానా బాషాదైతే దాని మీద వేలిముద్రలు మీవి ఉంటయ్యా? ఎందుకు కొట్టాడు?"

"చెప్పిస్తాం. పని సరిగ్గా చేయట్లేదని ఆ వారమే ఆయన నలుగుర్లో తిట్టాడు. సరే, బాషా కాదనుకుందాం. ఇంకెవరు? ఈ ఇంటి సంగతి మీకు తెలుసా? చుట్టం వస్తే మంచినీళ్ళతోపాటు వైఫై పాస్‌వర్డు కూడా ఇస్తారు, వెనక గదిలో సిగ్నలుండదు కాబట్టి. ఒక్కసారి వచ్చినోడి ఫోనైనా సరే, మళ్ళీ గేటు దాటగానే తనంతట తనే తగులుకుంటది. రౌటర్లో ఆ ఫోను పేరు పడుద్ది. అందుకే సోమవారం సాయంత్రమే ఈ హాల్లో అందరి ముందూ చెప్పా, రౌటర్నెవరూ ముట్టుకోవద్దు, బుధవారం మా టెక్నీషియన్ వచ్చి చూస్తాడని. చూశాడు. బయటోడి ఫోను ఒక్కటంటే ఒక్కటి లేదు."

"అందరి ముందూ చెప్పారా?"

"చెప్పా. ఏం?"

"సోమవారం చెప్పి, బుధవారం చూశారు. దొంగొస్తున్నాడు, తలుపు తాళం ఎల్లుండి వేస్తామని డప్పు కొట్టి చెప్పినట్టుందండి."

సీఐ ముఖం ఎర్రబడింది. ప్రమీలారాణి లేచింది. ఆవిడకి తగువు మీద కన్నా కంట్రోలర్ మీదే ధ్యాసుంది.

ముందు చార్జింగు చూసింది. నిండుగా ఉంది. సీతారావమ్మ ఫోన్లో వైఫై పాస్‌వర్డు చూసింది. మొదట్నుంచీ ఉన్నది అదేనంది ఆవిడ, అక్షరం మారలేదు. టీవీ ఆడుతోంది, ఫోను ఆడుతోంది. తర్వాత తన ఫోన్లో హాట్‌స్పాట్ తెరిచి, సీతారావమ్మ ఫోన్లో ఉన్న యాప్ ద్వారా కంట్రోలర్‌ని దానికి కలిపింది. నారింజరంగు దీపం రెండుసార్లు కొట్టుకుని తెల్లగా మారింది. కదలకుండా నిలబడింది.

"పలికిందమ్మోయ్!" అంది సీతారావమ్మ.

"నా ఫోనుకి పలికింది పిన్నిగారూ. మీ ఇంటి వైఫైకి పలకడం లేదు. అంటే వస్తువు బాగానే ఉంది. వీధి మారింది."

మళ్ళీ ఇంటి వైఫైకి కలిపితే మళ్ళీ నారింజే. దూరం ఎక్కువేమో అన్నాడు సీఐ, ఆసక్తి లేనట్టు మొహం పెట్టి. సరే, దగ్గరికే వెళ్దాం పదండి అంది ప్రమీలారాణి.

నలుగురూ వెనక ఆఫీసు గదిలోకి వెళ్ళారు. బల్ల, కుర్చీ, ఫైళ్ళ బీరువా, సందులోకి తెరుచుకునే తలుపు. గచ్చు మీద పోలీసుల సుద్దగీత. దాని పక్క గోడకి, మనిషి తల ఎత్తులో చిన్న చెక్క అర మీద రౌటర్ ఉంది. నల్లటి పెట్టె, నాలుగు కొమ్ములు. కంట్రోలర్ని దాని ముందు జానెడు దూరంలో పెట్టినా దీపం నారింజలోంచి కదల్లేదు.

ప్రమీలారాణి రౌటర్ని చేతిలోకి తీసుకుంది. నెత్తిన ఎర్రటి బొట్టు.

"ఇది ఆయుధపూజ నాడు పెట్టిందా పిన్నిగారూ?"

"అవునమ్మా. ఇంట్లో కరెంటుతో నడిచేవి అన్నింటికీ పెడతా. మిక్సీ, ఇన్వర్టరు, టీవీ, నా రిమోటు. ఇది లేకపోతే ఏదీ నడవదు గదా, దీనికి ముందు పెడతా."

"ఒకసారి మీ రిమోటు బొట్టు, దీని బొట్టు పక్కపక్కన చూడండి."

సీతారావమ్మ కళ్ళజోడు సర్దుకుని వంగింది. కంట్రోలర్ వెనకవైపు బొట్టు ఎండిపోయి ఉంది. లేతపసుపు గంధం బిళ్ళ, దాని నడిమధ్యన కుంకుమ. అంచులు పొలుసుల్లా లేచాయి. రౌటర్ మీద గంధం జాడే లేదు. నల్లటి ప్లాస్టిక్ మీద ఒట్టి కుంకుమ, వేలు పక్కకి జారిన గీతతో సహా.

"ఇది నా చేతి బొట్టు కాదు," అంది ఆవిడ నిటారుగా లేచి. గొంతులో మొట్టమొదటిసారి ఏడుపు లేదు. "మా అత్తగారి కాలం నుంచీ ఈ ఇంట్లో గంధం పెట్టకుండా దేనికీ కుంకుమ పెట్టం. ప్రాణం పోయినా పెట్టను."

సీఐ చటుక్కున అందుకున్నాడు. "లూర్దమ్మ! ఆవిడ దగ్గర తాళం ఉంది. చర్చికెళ్ళే మనిషి, ఆవిడకి గంధం సంగతేం తెలుస్తది?"

"నోరు మంచిదైతే ఊరు మంచిదవుద్ది బాబూ," అంది సీతారావమ్మ. "ఇరవై ఏళ్ళుగా నాకు గంధం అరగదీసిచ్చేది లూర్దమ్మే. ఎంత పలచగా ఉండాలో నాకన్నా దానికే బాగా తెలుసు."

"గంధం ఎప్పుడూ అరగదీయని చెయ్యి ఇది," అంది ప్రమీలారాణి. "రౌటర్ మీద బొట్టు ఉండాలని గుర్తుంది, ఎలా ఉండాలో గుర్తులేదు. పైగా కుంకుమ దేవుడి గదిలో ఉంటుంది. పరాయివాడు అంత దూరం పోడు. ఇది మీ పాత రౌటర్ కాదు పిన్నిగారూ. చూడ్డానికి అలాంటిదే తెచ్చి, అదే పేరు, అదే పాస్‌వర్డు పెట్టారు. మీ ఫోనూ, టీవీ మోసపోయాయి. ఈ రిమోటు ఒక్కటే మోసపోలేదు."

కిషోర్‌బాబు నవ్వాడు. ఆ నవ్వులో పట్టు మాత్రం తగ్గింది. "బొట్టు పట్టుకుని కోర్టుకెళ్తే మేజిస్ట్రేటు గారు తీర్థం ఇచ్చి పంపిస్తారు మేడమ్. నాకు కాయితం కావాలి."

"మీ జేబులోనే ఉంది. మీ టెక్నీషియన్ రాసిచ్చిన లిస్టు తీయండి."

తీశాడు. అర పేజీ కాయితం.

"చదవండి."

"అమ్మగారి ఫోను. టీవీ. కల్యాణ్ ఫోను, వాడు మంగళవారం వచ్చాడు, ఇంటి మనిషే. అంతే. చెప్పాగా, బయటోడు లేడని."

"బాషా ఫోను?"

సీఐ కాయితం వంక చూశాడు.

"మా ఆయన ఫోను ఈ ఇంటి వైఫైకి తగులుకుంటదండి," అంది జీనత్ గభాల్న. "సోమవారం రెండూ యాభైకి ఇక్కణ్ణుంచే వీడియో కాల్ చేశాడు. మాకు డేటా ఆదివారమే అయిపోయింది."

"ఫోను ఆపేసుకుని ఉంటాడు..." అని మొదలెట్టాడు సీఐ.

"సరే, బాషాని వదిలేయండి. భవానీప్రసాద్ గారి ఫోను ఏదండీ ఆ లిస్టులో?"

"అది సోమవారం నుంచీ మా దగ్గరుంది. సీజ్ చేశాం."

"సాయంత్రం సీజ్ చేశారు. మధ్యాహ్నం దాకా ఆయన దగ్గరే, ఇదే గదిలో, ఇదే రౌటర్ కింద ఉంది. మీ లిస్టు ప్రకారం సోమవారం ఇంటి యజమాని ఇంట్లోనే లేడు. మరి తల ఎవరిది పగిలిందండీ?"

కిషోర్‌బాబు కాయితాన్ని రెండోసారి, మూడోసారి చదివాడు. పొగరున్న మనిషే గాని మొద్దు కాదు. మెడ వెనక చెమట తుడుచుకున్నాడు.

"ఈ పెట్టెకి సోమవారం సంగతి తెలీదు," అన్నాడు చివరికి.

"తెలీదు. సోమవారం ఇది ఇంకెక్కడో ఉంది. ఎక్కడో అదే చెబుతుందేమో చూద్దాం."

టైము రెండూ నలభై. ప్రమీలారాణి తన ఫోన్లో రౌటర్ సెట్టింగుల పేజీ తెరిచింది. దాని పాస్‌వర్డు పెట్టె అడుగున చీటీ మీద అచ్చేసిందే. వైఫై పేరు మార్చడం నేర్చుకుని వచ్చినవాడికి దీన్ని కూడా మార్చాలని ఎవరూ చెప్పలేదు. పాత సెట్టింగులన్నీ పూర్తిగా తుడిచేయడమూ వాడికి రాలేదు.

"ఇదిగో తెగిన చోటు," అంది ప్రమీలారాణి. "వైఫైకి రెండు దారులుంటాయండి. ఒకటి పాత దారి, నెమ్మదిగా పోతుంది. రెండోది కొత్త దారి, వేగం. కొత్త ఫోన్లకి, టీవీకి రెండూ తెలుసు. పిన్నిగారి రిమోటుకి పాత దారి ఒక్కటే తెలుసు. ఈ రౌటర్లో ఎవరో పాత దారి మూసేశారు. కొట్లో కొన్నప్పుడు రెండూ తెరిచే ఉంటాయి. పనిగట్టుకుని మూయాలి."

"ఎందుకు మూస్తారు?"

"ఆ మాట మీరే ఆలోచించండి. పాత ఫోన్లవాళ్ళకి దొరక్కుండా ఉండాలని మూస్తారు."

ఆవిడ పాత దారి తెరిచింది. బల్ల మీది కంట్రోలర్ తనంతట తనే వెలిగింది. నారింజ, నారింజ, తెలుపు. నిలబడింది. సీతారావమ్మ దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని గుండెకి ఆనించుకుంది. "ఉండండమ్మా, ముందు రికార్డు చేసి పంపుతా. పుణ్యం ఉంటది మీకు," అంటూ హాల్లోకి పరుగులాంటి నడకతో వెళ్ళింది. నిమిషంలో గోడవతల నుంచి కారు ఇంజన్ల మోత మొదలైంది. ఆ గదిలోకి ఎంత గట్టిగా వినిపిస్తుందో కిషోర్‌బాబుకి అప్పుడు తెలిసొచ్చింది. ఈ మోతలో దెబ్బ చప్పుడు హాల్లోకి వినపడదు.

ప్రమీలారాణి సెట్టింగుల్లో ఇంకా కిందికి వెళ్ళింది. ఎప్పుడూ కలిసి ఉండే యంత్రాలకి రౌటర్లో విడిగా ఒక జాబితా రాసిపెడతారు. అవి ఊరు మారినా ఆ జాబితా చెరగదు. అందులో మూడు పేర్లున్నాయి, ఇంగ్లీషు అక్షరాల్లో. వీరాంజనేయ కాటా కంప్యూటర్. వీరాంజనేయ కాటా ప్రింటర్. వీరాంజనేయ కాటా కెమెరా.

ఫోను సీఐ ముందుకు జరిపింది. "కాటా అంటే లారీలు తూకం వేసేదేగా? ఎక్కడుందిది?"

కిషోర్‌బాబు గోడకి చెయ్యి ఆనించాడు. "ముక్త్యాల రోడ్లో. ఈయన లారీలన్నీ అక్కడే తూకానికి ఆగుతయ్. నేనూ ఆగుతుంటా, తనిఖీలకి. అక్కడ నా ఫోనుకి వైఫై దొరుకుద్ది, నా డ్రైవరు పాత ఫోనుకి దొరకదు. ఏంటని అడిగితే ఓనరు నవ్వుతూ చెప్పాడు. లారీ డ్రైవర్లందరూ మా వైఫై మీద పడి సినిమాలు చూస్తున్నారు సార్, వాళ్ళ ఫోన్లకి కనపడకుండా ఆపించేశా అని."

"ఓనరెవరు?"

"కల్యాణ్."

ప్రమీలారాణి ఒక్కొక్కటే వరసగా కలుపుకుంటూ వచ్చింది. తూకాలు తప్పుతున్నాయి, మధ్యాహ్నం తేలుస్తా అన్నాడు భవానీప్రసాద్. తేల్చడానికి ఎవర్ని పిలిచి ఉంటాడు? మేనల్లుణ్ణే. సందులోంచి వెనక తలుపున వచ్చాడు. జేబులో ఫోను తనంతట తనే ఇంటి వైఫైకి తగులుకుంది. సాయంత్రం ఈ సీఐ హాల్లో నిలబడి రౌటర్ చూస్తామని చెబుతుంటే, అందరితోపాటు నిలబడి విన్నాడు. మంగళవారం బట్టల వంకతో వచ్చి, కాటా దగ్గరున్న రౌటర్ ఇక్కడ పెట్టి, ఇక్కడిది పట్టుకుపోయాడు.

"సోమవారం నాలుగున్నరకి ఫోనొచ్చేదాకా నందిగామలోనే ఉన్నానన్నాడు నాతో," అంది.

"నాతోనూ అదే అన్నాడు. ఇంటి మనిషి కదా అని నేను టైర్ల షాపుకి ఫోను కూడా చేయలేదు." సీఐ ఆ మాట తల వంచుకునే అన్నాడు. వెంటనే ఫోను తీశాడు. "ఎస్సై గారూ, బాషాని బండెక్కించారా? ... దించండి. దించండి అంటున్నా. కోర్టుకి నేనే వస్తా, నేనే చెప్పుకుంటా. ఆ కుర్రాడికి ముందు అన్నం పెట్టించండి."

జీనత్ గోడకి జారగిలబడి అలాగే కింద కూర్చుండిపోయింది. రెండు చేతుల్తో మొహం కప్పుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ప్రమీలారాణి ఆ పిల్ల తల మీద చెయ్యి వేసింది గాని, మనసు అక్కడ లేదు.

"సీఐ గారూ, ఐసీయూ పాసు ఒకరికే ఇస్తారట. అది కల్యాణ్ దగ్గరే ఉంది. భవానీప్రసాద్ గారికి తెలివొస్తే మొదట చెప్పే పేరు అతనిదే. అతనికి ఇంకా ఏమీ తెలియదు. అత్త రిమోటు కొత్తది కొంటానని ధీమాగా ఉన్నాడు. తెలియకముందే విజయవాడ పోలీసులు ఆ గదిలో ఉండాలి. సైరన్ వద్దు. యూనిఫాం వద్దు."

"అర్థమైంది," అన్నాడు కిషోర్‌బాబు. మేడమ్ అని వెటకారం చేయలేదు. విజయవాడ నంబరు నొక్కుతూ సందువైపు తలుపు దగ్గరికి నడిచాడు.

హాల్లో ఇంజన్ల మోత ఆగిపోయి ఉందని ప్రమీలారాణి అప్పుడు గమనించింది. ఎంతసేపైందో తెలియలేదు. సీతారావమ్మ గుమ్మంలోకి వచ్చింది, ఒక చేతిలో కంట్రోలర్, ఇంకో చేతిలో ఫోను. మూడు రోజుల తర్వాత ఆవిడ మొహంలో నవ్వు కనిపించింది.

"పంపేశానమ్మా. రెండు నిమిషాల రేసు, మంచి సౌండొచ్చింది. మావయ్య చెవి దగ్గర పెట్టరా అని చెప్పా."

"ఎవరికి పంపారు పిన్నిగారూ?"

"ఇంకెవరికి, కల్యాణ్‌కే. లోపలున్నది వాడొక్కడేగా." ఆవిడ ఉత్సాహంగా దగ్గరికొచ్చింది. "కొత్తది కొనొద్దని కూడా చెప్పా. ఎవడో మన రౌటర్ మార్చేశాడ్రా, నందిగామ నుంచొచ్చిన ప్రమీలమ్మ కనిపెట్టింది, బొట్టు చూసి పట్టేసింది, సీఐ గారు కూడా ఇక్కడే ఉన్నారు, ఇంకో పది నిమిషాల్లో ఎవడో తేలిపోద్ది అని చెప్పా. పాపం ఒక్కడే బెంగగా కూర్చున్నాడు గదా, వింటే కాస్త ధైర్యంగా ఉంటదని."

తలుపు దగ్గర సీఐ మాట ఆగిపోయింది. ప్రమీలారాణి ఆవిడ చేతిలోంచి ఫోను అందుకుంది. రెండు మెసేజ్‌లు వరసగా ఉన్నాయి. రేసు చప్పుడు ఇంకా ఎవరూ తెరవలేదు. దాని కింది సీతారావమ్మ గొంతు పక్కన చిన్న మైకు బొమ్మ నీలంగా మారింది. అంటే కల్యాణ్ విన్నాడు.

ప్రమీలారాణి అతని నంబరుకి ఫోన్ చేసింది. ఇందాక రెండు రింగులకే ఎత్తిన మనిషి ఫోన్ స్విచ్ఛాఫ్ వచ్చింది.